అంకెలకు అందని రాక్షసబలం

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో కథ నడిపేది డంజన్ మాస్టర్. మిగతావాళ్లు తలా ఒక వీరుడి పాత్ర తీసుకుని, ఏం చేయబోతున్నారో నోటితో చెబుతారు. ఫలితం తేలాల్సిన చోట పాచికలు వేస్తారు. వాళ్లకు ఎదురయ్యే భూతాలను సిద్ధం చేసుకోవడం మాస్టర్ పని. భూతం ఎంత బలమైనదైతే, ఎంత కొత్తదైతే, పోరు అంత రక్తి కడుతుందన్న నమ్మకం ఈ ఆట ఆడేవాళ్లలో బాగా పాతుకుపోయింది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను తెచ్చినప్పటి నుంచి జరిగింది చూస్తే ఆ నమ్మకం నిలబడదు. భూతం ఎక్కడుంది, దానికేం కావాలి, ఆటగాళ్లను ఏ చిక్కులో పడేస్తుంది అన్నవే పోరును గుర్తుండిపోయేలా చేస్తాయి.

ముందు బలం సంగతి. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ భూతాలకు ఛాలెంజ్ రేటింగ్ అనే అంకె ఇచ్చింది. 2014 నాటి ఐదో ఎడిషన్ దానికి చెప్పిన అర్థం పరిమితమైనది: అలసట తీరి, తగిన ఆయుధాలున్న నలుగురు వీరులు తమ స్థాయికి సమానమైన రేటింగ్ ఉన్న భూతాన్ని ఎవరి ప్రాణం మీదికీ రాకుండా ఓడించగలగాలి. పోరు చీకట్లో జరుగుతుందా, ఇరుకు సందులోనా, నీళ్లలోనా అన్నది ఆ అంకెకు తెలియదు. ఆ తేడా ఎంత పెద్దదో కోబోల్డ్‌లను చూస్తే తెలుస్తుంది. బల్లి పోలికలున్న ఈ పొట్టి ప్రాణులు ఐదో ఎడిషన్‌లో ఒక్కొక్కటీ సగటున 5 హిట్ పాయింట్లవి, ఒక్క దెబ్బకు నేలకూలేవి. అయినా డ్రాగన్ పత్రిక సంపాదకుడు రోజర్ మూర్ 1987 నవంబరు సంచికలో టక్కర్ అనే మాస్టర్ నడిపిన కోబోల్డ్‌ల గురించి రాస్తే, ‘టక్కర్ కోబోల్డ్‌లు’ అన్న పేరు ఈ ఆటలో సామెతలా స్థిరపడిపోయింది. అవి ఎదురుగా వచ్చి కొట్టలేదు. గోడల్లోని సన్నని కంతల్లోంచి బాణాలు వేశాయి, దారులు మూశాయి, మంటలు పెట్టాయి. ఎంతో పై స్థాయికి చేరిన వీరులు వాటి నుంచి పరుగు లంకించుకున్నారు. అంకెలు మారలేదు, చోటే ఆయుధమైంది.

కొత్తదనం మాటా అంతే. ఎవరూ కనీవినీ ఎరగని ఆకారం కోసం రాత్రంతా బుర్ర బద్దలు కొట్టుకునే మాస్టర్లున్నారు. కానీ ఈ ఆటలో పేరుపొందిన రస్ట్ మాన్‌స్టర్, ఔల్‌బేర్ రెండూ గైగాక్స్ కొన్న చవక ప్లాస్టిక్ బొమ్మల సంచిలోంచి పుట్టినవి. రస్ట్ మాన్‌స్టర్ రేటింగ్ అర మాత్రమే. అయినా దాన్ని చూడగానే ఇనుప కవచం తొడిగిన యోధుడు వెనక్కి తగ్గుతాడు, ఎందుకంటే అది తాకితే ఇనుము తుప్పు పట్టిపోతుంది. ప్రాణానికి తెగించే వీరుడు కూడా కష్టపడి సంపాదించుకున్న కవచం పోతుందంటే ఆగి ఆలోచిస్తాడు. భయపెట్టేది దాని రూపం కాదు, అది లాక్కునే వస్తువు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది మరో అపోహ: భూతం కనిపించిందంటే ఏదో ఒక పక్షం చచ్చేదాకా పోరాడాల్సిందేనని. ఇది ఆట మొదటి నుంచీ ఉన్న నియమమని చాలామంది అనుకుంటారు. 1981లో టామ్ మోల్డ్‌వే సంపాదకత్వంలో వచ్చిన బేసిక్ పుస్తకం అలా చెప్పదు. భూతం ఎదురైనప్పుడు అదేం చేస్తుందో ముందే తెలియకపోతే మాస్టర్ రెండు పాచికలు వేస్తాడు. మొత్తం 2 వస్తేనే వెంటనే మీదపడుతుంది, అంటే 36లో ఒక్క వంతు. 12 వస్తే స్నేహం చేస్తుంది. మధ్యలో అనుమానం, బెదిరింపు, బేరం అన్నిటికీ తావుంది. ఇక పోరు మొదలయ్యాక తమలో ఒకటి చచ్చినప్పుడు, సగం మంది పడిపోయినప్పుడు భూతాల ధైర్యాన్ని మళ్లీ పాచికలతోనే పరీక్షించేవారు. ధైర్యం చాలకపోతే పారిపోతాయి, లేదా లొంగిపోతాయి. భూతానికి గెలుపు కాక వేరే పని ఉంటే ఆట ఎంత చిక్కబడుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మారీచుడు రాముణ్ని ఓడించడానికి రాలేదు, ఆశ్రమానికి దూరంగా లాక్కుపోవడానికి వచ్చాడు. చస్తూ చస్తూ రాముడి గొంతుతో అరిచి లక్ష్మణుణ్ని కూడా కదిలించాడు. జట్టును విడదీసే భూతాన్ని తయారుచేయాలనుకునే మాస్టర్‌కు ఇంతకంటే మంచి నమూనా దొరకదు.

ఇదంతా ఆటగాళ్లను మోసం చేయడమే కదా అని కొందరు అభ్యంతరం చెబుతారు. రేటింగ్ ఉంటే కనీసం న్యాయం ఉంటుందని వాళ్ల వాదన. కొత్త మాస్టర్‌కు ఆ అంకె అవసరమే, కాదనను. కానీ ఆటలో న్యాయం నిలిచేది ముందుగా దొరికే ఆనవాళ్ల మీద. జెలటినస్ క్యూబ్‌ను తీసుకోండి. పది అడుగుల నడవాలో సరిగ్గా ఇమిడే, కంటికి ఆనని జిగురు ముద్ద అది. చూసుకోకుండా నడిచినవాణ్ని మింగి ఆమ్లంలో కరిగించేస్తుంది. ఏ సూచనా ఇవ్వకుండా దాన్ని నడవాలో పెడితే అది అన్యాయమే. అదే మాస్టర్ మిగతా నేలంతా దుమ్మూ ధూళీ అని చెప్పి, ఈ నడవా మాత్రం నాకేసినట్టు శుభ్రంగా ఉందనాలి. దివిటీ ఎత్తితే ఒక కత్తి, దాని పక్కన చేతి ఎముకలు గాలిలో ఆగి ఉన్నాయనాలి. అప్పుడు ముందుకు అడుగు వేసినవాడు తెలిసే వేశాడు. ఆటగాళ్లు పాచికలు వేసి కొట్టుకోవడానికే వస్తారన్న రెండో అభ్యంతరానికి కూడా ఇందులోనే జవాబుంది. కొట్లాట ఎక్కడికీ పోదు. ఎప్పుడు, ఎక్కడ, దేనికోసం అన్నది వాళ్ల చేతికి వస్తుంది, అంతే.

మన పురాణాల పేరు మోసుకెళ్లిన రాక్షసుడు కూడా ఈ ఆటలో ఉన్నాడు. 1977 నాటి మాన్‌స్టర్ మాన్యువల్‌లోనే పులి తలతో చోటు సంపాదించాడు. ఐదో ఎడిషన్‌లో అతని రేటింగ్ 13, అరచేతులు వెనక్కి తిరిగి ఉంటాయి. ఎప్పుడు కావాలంటే అప్పుడు వేషం మార్చగలడు, ఎదుటివాళ్ల ఆలోచనలు చదవగలడు. ఇలాంటివాణ్ని గుహలో నిలబెట్టి కత్తియుద్ధానికి దింపితే ఆ శక్తులన్నీ వృథా. రాజుగారి మంత్రిగా కూర్చోబెట్టండి. ఆ వేషం కళ్లను మాయ చేయగలదు గానీ స్పర్శను మాయ చేయలేదు. కాబట్టి ఆ మంత్రి ఎవరి చేతినీ తాకడు, తాంబూలమైనా సరే పళ్లెంలో పెట్టి జరపమంటాడు. మొదటిసారి ఆటగాళ్లకు అది దర్పంలా కనిపిస్తుంది. రెండోసారి ఎవరో ఒకరు ఆగి, ఆయన చేతుల వైపు చూస్తున్నానంటారు. ఆ ఆలోచనను మంత్రి అప్పటికే చదివేసి ఉంటాడు.