కుండీ కొనేముందు అడుగు చూడండి

వానాకాలంలో జ్వరంతో వచ్చినవారిని నేను తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. ‘ఇంట్లో ఎక్కడైనా నీళ్లు నిలుస్తున్నాయా?’ జవాబు కూడా దాదాపు ఒక్కటే. ‘లేదు సార్. ట్యాంకుకు మూత ఉంది. డ్రమ్ములు కడిగి బోర్లించినం. కూలర్ ఎప్పుడో తీసేసినం.’

ఆ మధ్య డెంగీతో చేరిన తొమ్మిదేళ్ల బాబు వాళ్లమ్మ కూడా ఇదే చెప్పింది. బాబు తేరుకున్నాక మాటల్లో తన బాల్కనీ తోట ఫొటోలు చూపించింది. రెయిలింగుకు వరుసగా తెల్లటి కుండీలు. వారానికోసారి నీళ్లు పోస్తే చాలని ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నవి. ‘అడుగున నీళ్ల అర ఉంటుంది కదమ్మా, ఎప్పుడైనా విప్పి చూశారా?’ అని అడిగాను. అది విప్పి తీయొచ్చని ఆమెకు తెలియదు. సాయంత్రం ఆమె భర్త విప్పి, టార్చి వేసి వీడియో పంపాడు. ఆరు కుండీల్లో రెండింటిలో తోకపురుగులు గిలగిలలాడుతున్నాయి.

బాబును కుట్టిన దోమ అక్కడే పుట్టిందని నేను చెప్పలేను. కానీ ఆ రాత్రి ఇంటికెళ్లి మా మెట్ల పక్కనున్న కుండీల పళ్లేలు ఎత్తి చూశాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, ఒకదాంట్లో ఉన్నాయి.

గోలెం పోయి కుండీ వచ్చింది

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ 2016 అక్టోబరులో జిల్లా కేంద్రాలయ్యాయి. పెరడున్న ఇళ్ల పక్కనే అపార్టుమెంట్లు లేచాయి. మొక్కలు నేల మీది నుంచి బాల్కనీకి, మేడ మీదికి ఎక్కాయి. పెరట్లో గోలెం ఉంటే అందరి కళ్లకూ కనిపించేది, ఆశ కార్యకర్త వచ్చి పారబోయమనేది. ఇప్పటి కుండీలో నీళ్లు కనిపించవు. చిక్కంతా అక్కడే ఉంది.

మహబూబాబాద్, భూపాలపల్లి అడవి పల్లెలకు మలేరియా కొత్త కాదు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న గుర్తించింది మన సికింద్రాబాద్‌లోనే. అయితే డెంగీని మోసే ఏడిస్ ఈజిప్టై దోమ తీరు వేరు. అది మురుగు కాలువల కన్నా ఇంట్లో, ఇంటి చుట్టూ ఉండే తేటనీళ్లనే వెతుక్కుంటుంది. ఎక్కువగా పగలే కుడుతుంది. పుట్టిన చోటి నుంచి మహా అయితే కొన్ని వందల మీటర్లు ఎగురుతుంది. అంటే మిమ్మల్ని కుట్టే దోమ మీ ఇంట్లోనో, పక్కింట్లోనో పుట్టి ఉండే అవకాశమే ఎక్కువ.

దీని గుడ్లు నీటి అంచుకు కాస్త పైన, పాత్ర గోడకు అంటుకుని ఉంటాయి. నీళ్లు ఎండిపోయినా నెలల తరబడి చావవు. మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. గుడ్డు నుంచి దోమ కావడానికి మన వాతావరణంలో సుమారు 7 నుంచి 10 రోజులు చాలు. కాబట్టి పళ్లెంలో నీళ్లు పారబోస్తే సగం పనే అయినట్టు. పీచుతో రుద్ది కడిగితేనే పూర్తయినట్టు.

ఏ కుండీ ఎలా ఎంచుకోవాలి?

మట్టి కుండీ: గోడల గుండా తడి ఆరుతుంది కాబట్టి మొక్క వేళ్లకు మంచిది. దాని కింది పళ్లెమే జాగ్రత్తగా చూడాలి. పళ్లెంలో ఇసుక నింపితే నీళ్లు పైకి తేలి నిలవవు, నేలకు మరకా అంటదు.

ప్లాస్టిక్, ఫైబర్ కుండీలు: తేలిక, మేడకు బరువు తక్కువ. కొనేటప్పుడు తిరగేసి రంధ్రాలున్నాయో లేదో చూడండి. లేకపోతే వేయించుకోండి.

కుండీలో కుండీ: నర్సరీ నుంచి తెచ్చిన నల్ల కుండీని అలాగే అందమైన సిరామిక్ కుండీలో దింపుతాం. రెండింటి మధ్య సందులో నీళ్లు చేరతాయి. లోపలి కుండీని బయట పెట్టి నీళ్లు పోసి, పూర్తిగా ఓడిన తర్వాతే మళ్లీ దింపండి.

సెల్ఫ్ వాటరింగ్ కుండీ: అడుగున నీళ్ల అర, అందులోంచి తడిని పైకి లాగే వత్తి. మంచి ఏర్పాటే. కానీ కొనేముందు మూడు చూడండి. అర విడిగా ఊడి వస్తుందా? నీళ్లు పోసే నోటికి బిగుతైన మూత ఉందా? పక్కన సందుల్లేకుండా అమరుతుందా? మూత లేనిది ఇప్పటికే ఇంట్లో ఉంటే నోటికి దోమతెర గుడ్డ కట్టి రబ్బరు బ్యాండు వేయండి.

గుడ్డ గ్రో బ్యాగులు: నీళ్లు నిలవవు. కూరగాయలకు, ఆకుకూరలకు బాగుంటాయి. కింద ట్రే మాత్రం పెట్టకండి.

ఇత్తడి పాత్రలు: పెంబర్తి ఇత్తడి మన జనగామ గౌరవం. పాత గంగాళంలో మొక్క పెట్టుకున్నా అందమే. దానికి రంధ్రం చేయలేం కాబట్టి లోపలి కుండీని వారానికోసారి పైకి తీయాల్సిందే. గుమ్మం దగ్గర ఇత్తడి పళ్లెంలో పూలు తేలేస్తే రోజూ నీళ్లు మార్చండి. సీసాలో పెంచే మనీప్లాంటు, లక్కీ బాంబూలకూ వారానికోసారి నీళ్లు మార్చి, సీసా లోపలి గోడ రుద్దండి.

శుక్రవారం పావుగంట

‘ఫ్రైడే డ్రైడే’ మాట మీరు వినే ఉంటారు. దోమ ఎదగడానికి కనీసం వారం పడుతుంది కాబట్టే వారానికోసారి అన్న లెక్క. ఆ రోజు పళ్లేలు, అరలు ఊడదీసి రుద్ది కడిగి, ఎండబెట్టండి. టార్చి వెలుగు పడగానే తోకపురుగులు కిందికి మునుగుతాయి, దాన్నిబట్టి గుర్తుపట్టొచ్చు. తడిమట్టి మీద ఎగిరే చిన్న నల్ల ఈగలు దోమలు కావు, అవి కుట్టవు. నీళ్లు ఎక్కువైనట్టు చెప్పే గుర్తు మాత్రమే. మట్టిలో వేలు పెట్టి చూసి, రెండు కణుపుల లోతున పొడిగా ఉంటేనే నీళ్లు పోయండి.

అసలు పరీక్ష బతుకమ్మ, దసరా సెలవుల్లో వస్తుంది. డెంగీ ఎక్కువగా ఉండేదీ ఆ నెలల్లోనే. ఊరెళ్తూ కుండీల అరలు నిండా నింపి తాళం వేస్తాం. పది రోజులకు తిరిగొచ్చేసరికి మొక్కలు పచ్చగా ఉంటాయి, దోమలూ సిద్ధంగా ఉంటాయి. అరకు సరైన మూత లేకపోతే ఖాళీ చేసి వెళ్లండి. మొక్కల్ని నీడకు జరిపి మట్టి తడిసేలా నీళ్లు పోయండి, రెండు మూడు రోజులకోసారి చూడమని పక్కింటివారికి చెప్పండి.

జ్వరం వస్తే...

బరువుకు తగిన మోతాదులో పారాసిటమాల్ మాత్రమే వేయండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ సొంతంగా వాడొద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ద్రవాలు బాగా తాగించండి. మొదటి అయిదు రోజుల్లో ఎన్‌ఎస్‌1, ఆ తర్వాత ఐజీఎం పరీక్ష ఉపయోగపడుతుంది. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూసి బెంబేలెత్తకండి.

చాలామంది పొరపడేది జ్వరం తగ్గినప్పుడు. తగ్గాక వచ్చే ఒకటి రెండు రోజులే ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సినవి. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మత్తుగా పడుకోవడం, చేతులు చల్లబడటం, మూత్రం తగ్గడం కనిపిస్తే రాత్రయినా సరే ఆసుపత్రికి రండి.

ఆ బాబు వాళ్లమ్మ తర్వాత ఒకసారి కనిపించింది. కుండీలన్నీ పారేశారా అని అడిగాను. ‘ఎందుకు సార్, మొక్కలేం చేసినయి? శుక్రవారం శుక్రవారం కడుగుడు బాబుకే అప్పజెప్పిన’ అంది. మీ ఇంట్లోనూ ఆ పని ఎవరిదో ఈ రోజే తేల్చేయండి.