వంటవాయువు పని ఎవరిది?

నీటిగొట్టపు అతుకు వదలినచో గోడ చెమ్మగిల్లును. ఇంటివారు చూచి పనివానిని పిలిపింతురు. వాయుగొట్టపు అతుకు వదలినచో కంటికి కనబడునది ఏమియు లేదు. కావున ఇల్లు కట్టునపుడు ఈ పనికి ఏ వృత్తివారు జవాబుదారులు కావలెనను ప్రశ్న పనివారల కూలితగవు మాత్రమే కాదు. అది ఇంటిల్లపాది ప్రాణములకు సంబంధించినది.

అమెరికాలో ఈ పనికి ఇద్దరు హక్కుదారులు కలరు. గొట్టము కోసి, మరలు వేసి, బిగించుటలో ప్లంబరు నేర్పరి. ఇల్లు వెచ్చజేయు కొలిమికి వలసిన గాలిని, పొగగొట్టమును అమర్చుటలో తాపయంత్రముల పనివాడు నేర్పరి. అచ్చటి యూనిఫారం ప్లంబింగు నియమావళిలోను, యూనిఫారం మెకానికల్ నియమావళిలోను గూడ ఇంధనవాయువునకు అధ్యాయములు కలవు. టెక్సాసు రాష్ట్రమున వాయుగొట్టముల పని ప్లంబర్లది. మసాచుసెట్సులో గ్యాస్ ఫిట్టరునకు వేరుగా లైసెన్సు కలదు.

ప్రమాదము తరచుగా ఈ ఇరువురి పనులు కలియు చోటనే పొంచియుండును. 1968 మే 16న లండనులోని రోనన్ పాయింట్ అను 22 అంతస్తుల భవనమున, 18వ అంతస్తులో ఒక గృహిణి పొయ్యి వెలిగింపబోగా ప్రేలుడు కలిగెను. భవనపు మూల ఒకటి క్రిందివరకు కూలి నలుగురు మరణించిరి. గొట్టమును పొయ్యితో కలుపు నాసిరకపు ఇత్తడి నట్టు విరిగి వాయువు వెడలినదని విచారణలో తేలెను. ఇక అతుకులన్నియు గట్టిగా నున్నను, గదిలో గాలి చాలనిచో మంట సరిగా మండక, వాసనలేని కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. గొట్టము మాత్రమే తెలిసినవాడు దీనిని కనిపెట్టజాలడు.

అందుచే మీటరు మొదలు పొగగొట్టము వరకు ఒక్కనినే బాధ్యుని చేయుట మేలు. అతడు ప్లంబరైనను, యంత్రకారుడైనను, ఈ రెండు విద్యలయందును పరీక్షింపబడినవాడు కావలెను. గ్రేట్ బ్రిటనులో 2009 ఏప్రిల్ 1 నుండి ఇండ్లలో వాయువుపని చేయువారు గ్యాస్ సేఫ్ రిజిస్టరునందు నమోదు కావలెను. ఏయే పనులకు అర్హత కలదో వారి గుర్తింపుకార్డే తెలుపును.

హైదరాబాదు, విజయవాడలలో కొన్ని ఇండ్లకు నేడు సహజవాయువు గొట్టముల ద్వారా వచ్చుచున్నది. పనివాడు వచ్చినపుడు మనము అడుగవలసినవి మూడు: ఈ పనికి నీకు అనుమతి కలదా? గొట్టమును ఒత్తిడిపెట్టి పరీక్షించితివా? గాలి వచ్చు త్రోవను చూచితివా? మూడింటికిని ఒక్కడే జవాబు చెప్పగలిగిననాడు వంటయింట నిశ్చింతగా పొయ్యి వెలిగింపవచ్చును.