రోజుకొక చరిత్ర ప్రశ్న

చరిత్ర అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి పరీక్ష ముందురోజు రాత్రి బట్టీ పట్టిన తేదీలే. హాలు దాటగానే అవీ మనల్ని వదిలిపోతాయి. అలాంటి చరిత్ర మా హాస్టల్లో రోజూ అన్నం ముందు కూర్చుంటుందంటే నమ్ముతారా? భోజనశాల గోడకున్న నల్లబల్ల మీద రాత్రి ఒక ప్రశ్న రాస్తాం. మర్నాటి రాత్రి జవాబు. బహుమతి లేదు, మార్కులు లేవు. షరతు ఒక్కటే: జవాబు చెప్పినవాడు అది ఎక్కడ చదివాడో, ఎవరు చెప్పగా విన్నాడో కూడా చెప్పాలి.

ఈ ప్రశ్నలు రాసే పని కొంతకాలంగా నా మీద పడింది. అందులో తెలిసినది మిత్రులతో పంచుకోవాలనే ఈ వ్యాసం.

"ఏ సంవత్సరం?" అనే ప్రశ్న అరనిమిషంలో చచ్చిపోతుంది. "మూసీ వరద ఎప్పుడు?" అంటే "1908 సెప్టెంబరు 28" అని ఒకడంటాడు, మిగతావాళ్లు పప్పు వడ్డించుకుంటారు. అదే "ఆ వరదలో సుమారు నూట యాభైమందిని కాపాడిన చెట్టేది?" అని రాశాం. చింతచెట్టు అని తేలింది. అది ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉందనగానే ఒక మిత్రుడు చెయ్యి కడుక్కోకుండానే లేచాడు. "మా అమ్మకి ఆపరేషనైనప్పుడు ఆ చెట్టు కిందే కదరా నేను క్యారియరు విప్పుకుని తిన్నది!" అన్నాడు. మాట అమ్మ ఆరోగ్యం మీదికి పోయింది, అక్కణ్ణించి మళ్లీ వరదకొచ్చింది. ఆ వరద తరువాతే నగర రక్షణకు విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారనీ, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ ఆలోచన ఫలితాలేననీ ఆ రాత్రి అందరికీ ఎక్కింది. కబుర్లు చరిత్రకు అడ్డం కాదు. అవే దాన్ని నిలబెట్టే మేకులు.

ఇంకొక సంగతి. మన పెద్దవాళ్లకు 1876, 1908 అనే లెక్క లేదు. "ధాత కరువు" అంటారు. ఒక తమ్ముడు అడిగాడు, "మా నాయనమ్మ ఆ మాటే అంటుంది, అదెప్పుడన్నా?" అని. లెక్క సులువే. మన సంవత్సరాల పేర్లు అరవై. మొదటిది ప్రభవ. అది 1867, 1927, 1987 ఉగాదులకు వచ్చింది. ధాత పదవది కనుక తొమ్మిది కలపండి: 1876, 1936, 1996. దక్షిణ భారతాన్ని ఊడ్చిపెట్టిన మహాకరువు 1876-78 నాటిది. అంటే నాయనమ్మ చెప్పేది తాను చూసింది కాదు, తన పెద్దల నోట విన్నది. ఒక జాగ్రత్త: ఉగాదితో ఏడాది మారుతుంది కాబట్టి జనవరి, ఫిబ్రవరి నెలల సంగతులకు మరొకటి కలుపుకోవాలి.

ఇదంతా కాలక్షేపమేనా? ఒకసారి "1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయినప్పుడు చాలా ప్రభుత్వ కార్యాలయాలు ఎక్కడ నడిచాయి?" అని రాశాం. డేరాల్లో! ఆ జిల్లా మిత్రుడొకడు "మా తాత ఆ డేరాల మధ్య తిరిగాడట, సెలవులకెళ్లి అన్నీ అడిగొస్తా" అన్నాడు. సెలవులింకా పదిహేను రోజులున్నాయి. ఈలోగా తాతగారు పోయారు. ఎండకు ఆ డేరాల్లో ఎలా పనిచేశారో, గాలివానొస్తే కాగితాలేమయ్యాయో, ఆయన చూసినది ఆయనతోనే పోయింది. ఆనాటి నుంచీ మా బల్ల మీద ప్రశ్న కింద మరొక వాక్యం రాస్తున్నాం: "ఇవాళే ఇంటికి ఫోను చేసి అడుగు."

తేదీలు గ్రంథాలయంలో ఉంటాయి, రేపైనా దొరుకుతాయి. మనిషి చూసింది అలా కాదు.

ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థులకు, అధ్యాపకులకు, తోటి మిత్రులకు ఒక ప్రశ్న వదిలి ముగిస్తాను. మీ ఇంట్లో అందరికంటే పెద్దవారు పుట్టిన సంవత్సరం పేరేమిటి? ఆ ఏడు ఊళ్లో జరిగిందని వాళ్లు చెప్పుకునే సంగతేమిటి? జవాబుకు గడువు మాత్రం ఈ రాత్రే.