చందా నిరాకరించు విధము

మన యిండ్లలో బియ్య మైపోయిన "నిండుకొన్న" వందురు. యాచకునితో "చేయి ఖాళీ లే" దందురు. మా యవ్వగారు చేయి ఖాళీగనే యున్నను అట్లే యనెడివారు. లేదను మాట నోట రానీయకుండుట మన మర్యాద.

చందా పుస్తకముతో వచ్చినవారి కీ మర్యాదయే కీడగును. "రేపు రండు" అని మే మొక వృద్ధుని మూడు మారు లెండలో త్రిప్పితిమి. నాలుగవమా రాయన రాలేదు. మొదటి దినముననే కూర్చుండబెట్టి, మంచినీ ళ్లిచ్చి, "మీ కార్యము మంచిది, ఈ యే డీయదలచినది వేరొకచోట నిచ్చివేసితిమి" అనిన, ఆయన మరియొక గడప యెక్కియుండును. నిజమైన కారణ మొక్కటి చాలును. పది చెప్పిన సందేహము పుట్టును.

పెద్ద మొత్తము నగదుగా నడిగినచో, చెక్కుగా నిత్తుమనుట తప్పుగాదు. ఆదాయపు పన్ను మినహాయింపు పొందు నగదు దానముల మితిని 2017 నాటి ఆర్థిక చట్టము 10,000 నుండి 2,000 రూపాయలకు తగ్గించినది. ఏమియు నీయలేనిచో పుస్తకమును తెరువకయే రెండు చేతులతో తిరిగి యీయవలెను.