రాసిన కొద్దీ మండే ముఖం

పప్పుచారు ఒలికిన తెల్ల చొక్కాను సబ్బుతో రుద్దగానే మరక ఎర్రబడుతుంది. ఇది చూడని తెలుగు ఇల్లు ఉండదు. పసుపులోని కర్క్యుమిన్ అనే రంగు పదార్థం క్షారం తగిలితే ఎర్రగా మారుతుంది. పసుపులో సున్నం కలిపి కుంకుమ చేసేదీ ఈ గుణంతోనే. పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన కాగితం ముక్క తీసుకుని, స్నానాల గదిలోని ఒంటి సబ్బును తడిపి దాని మీద రాసి చూడండి. సబ్బు వాసన గులాబీదైనా, అట్టపెట్టె మీద పసిపాప బొమ్మ ఉన్నా, అది మామూలు సబ్బయితే కాగితం ఎర్రబడాల్సిందే. దాని పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది. మన ముఖ చర్మం పీహెచ్ 5కు అటూ ఇటూగా ఉంటుంది.

చర్మం పైన ఇలా పల్చగా ఆమ్లత్వం ఉంటుందని 1928లో షాడె, మార్కియోనిని అనే జర్మన్ వైద్యులు చెప్పారు. అది ఎందుకుందో తెలియడానికి ఇంకో అర్ధశతాబ్దం పైనే పట్టింది. చర్మం పై పొర మందం మిల్లీమీటరులో నూరో వంతో, రెండు వంతులో. చనిపోయి బల్లపరుపైన కణాలు అందులో ఇటుకల్లా పేరి ఉంటాయి. వాటి మధ్య గచ్చు పని చేసేవి కొవ్వులు. ఆ కొవ్వుల్లో దాదాపు సగం సెరమైడ్లు, పావు వంతు కొలెస్ట్రాల్, మిగతాదాంట్లో ఎక్కువ భాగం ఫ్యాటీ ఆమ్లాలు. సెరమైడ్లను తయారుచేసే ఎంజైములు ఆమ్లంలోనే బాగా పనిచేస్తాయి. కణాలను ఒకదాన్నుంచి ఒకటి విడదీసి పొట్టు రాల్చే ఎంజైములకు మాత్రం క్షారమంటే ఇష్టం. సబ్బుతో రోజుకు నాలుగుసార్లు ముఖం కడిగితే కట్టే పని మందగిస్తుంది, కూల్చే పని జోరందుకుంటుంది. కడిగిన పది నిమిషాలకు ముఖం గుంజినట్టు అనిపించేది మాత్రం పై పొరలోని కొవ్వును, తేమను సబ్బు లాగేయడం వల్ల. ఆ గుంజుడునే చాలామంది ‘శుభ్రమైంది’ అనుకుంటారు.

సబ్బు కొనేటప్పుడు మనవాళ్లు టీఎఫ్ఎం చూస్తారు. భారతీయ ప్రమాణాల్లో 76 శాతముంటే మొదటి గ్రేడు, 70 ఉంటే రెండోది, 60 ఉంటే మూడోది. అది సబ్బులో ఎంత కొవ్వు పదార్థం ఉందో చెప్పే లెక్క, పీహెచ్‌కు దానితో సంబంధం లేదు. మొదటి గ్రేడు సబ్బు కూడా పసుపు కాగితాన్ని ఎర్రగానే చేస్తుంది. చేయనివి సిండెట్ బార్లు, అంటే సబ్బు కాని సబ్బులు.

పై పొర దెబ్బతింటే ముఖమే ముందు ఎందుకు మండుతుంది? 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే అమెరికా పరిశోధకులు ఒకే మందును ఒంటి మీద వేర్వేరు చోట్ల రాసి, ఎంత లోపలికి ఇంకుతుందో కొలిచారు. ముంజేతి మీద ఇంకినదాన్ని ఒకటి అనుకుంటే నుదుటి మీద 6, దవడ మూల దగ్గర 13. చేతి మీద రాసి చూసి ‘ఏమీ కాలేదు’ అనుకున్న క్రీము చెంప మీద చురచురలాడటంలో వింత లేదు.

ఆ చురచుర పుట్టేది నరాల కొసల్లో. మిరపకాయలు తుంచిన చేత్తో కన్ను నలుపుకుంటే మండేది, 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే కాలినట్టు తెలిసేది ఒకే ద్వారం గుండా. ఆ ద్వారం పేరు టీఆర్‌పీవీ1. డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీన్ని కనిపెట్టింది. 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆమ్లం తగిలినా ఈ ద్వారం తెరుచుకుంటుంది. మద్యసారం చేసే పని ఇంకా చిత్రం: అది తగిలితే ఈ ద్వారం 34 డిగ్రీల దగ్గరే తెరుచుకుంటుంది. అంటే, గడ్డం గీసుకుని ఆఫ్టర్‌షేవ్ చల్లుకున్నవాడికి మంటగా తగిలేది తన ఒంటి వేడే. పుదీనా సత్తు, అదే మెంథాల్, తట్టేది వేరే ద్వారాన్ని, చలిని తెలిపేదాన్ని. మొటిమ మీద టూత్‌పేస్ట్ పెడితే చల్లగా ఉంటుంది కాబట్టి తగ్గుతోందని నమ్ముతాం. అక్కడ చర్మం చల్లబడదు, చల్లబడినట్టు మెదడుకు కబురు మాత్రం వెళ్తుంది.

ఇక్కడిదాకా చెప్పినది ఎవరికైనా రెండు మూడు వారాల్లో తగ్గే బాధ. తగ్గనిది మెడికల్ షాపులో మొదలవుతుంది.

హైదరాబాదులోని మౌలాలి గుట్ట కింద రైల్వే క్వార్టర్ల వైపు వెళ్లినా, హౌసింగ్ బోర్డు కాలనీ వైపు వెళ్లినా మెడికల్ షాపులకు కొదవ లేదు. జంట నగరాల్లో ఏ బస్తీ అయినా అంతే. ముఖం ఎర్రబడిందనో, మంగు పడిందనో అడిగితే చిన్న ట్యూబు ఒకటి చేతికొస్తుంది. ‘ఇది రాయండి అక్కా, రెండు రోజుల్ల తగ్గిపోతది.’ నిజంగానే తగ్గుతుంది. నన్నడిగితే, భయపడాల్సింది ఆ రెండు రోజుల మాటకే. దెబ్బతిన్న చర్మం తన పై పొరను తాను మార్చుకోవడానికి సుమారు రెండు వారాలు తీసుకుంటుంది. రెండు రోజుల్లో ముఖాన్ని నున్నగా, తెల్లగా చేసే మందులో దాదాపు ఎప్పుడూ ఉండేది స్టెరాయిడే. ట్యూబు మీద బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అనే పేర్లలో ఒకటి చిన్న అక్షరాల్లో ఉంటుంది.

స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. 1952లో సుల్జ్‌బర్గర్, విట్టెన్ అనే వైద్యులు హైడ్రోకార్టిసోన్‌ను పూతగా వాడి చూపించాక, ఎగ్జిమాతో రాత్రులు నిద్రపోలేని లక్షల మందికి ఊరట దొరికింది. అయితే అది ఎలా పనిచేస్తుందో చూడండి. చర్మంలోని సన్నని రక్తనాళాలను బిగిస్తుంది, అందుకే ఎరుపు పోయి ముఖం తెల్లబడుతుంది. 1962 నుంచి ఈ మందుల బలాన్ని కొలిచేది కూడా చర్మం ఎంత పాలిపోయిందో చూసే. రోగనిరోధక కణాలను ఊరుకోబెడుతుంది, దురద ఆగుతుంది. రంగు తయారుచేసే కణాలను మందగింపజేస్తుంది. దాంతో పాటే కొత్త కణాల పుట్టుకనూ, సెరమైడ్ల తయారీనీ తగ్గిస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి, కింద ఎర్రని రక్తనాళాల గీతలు బయటపడతాయి, మొటిమలు పొక్కుతాయి, చెంపల మీద వెంట్రుకలు మొలుస్తాయి. అప్పుడు భయపడి ఆపితే, కొద్ది రోజుల్లోనే రక్తనాళాలు ఒక్కసారిగా ఉబ్బి ముఖం నిప్పులా మండుతుంది. మళ్లీ రాస్తే చల్లారుతుంది. ఇక ఆ ట్యూబు లేకుండా గడవదు.

దీన్ని వ్యసనం అని పిలిచినవారిలో ఒకరు ఆల్బర్ట్ క్లిగ్‌మన్. ఫిలడెల్ఫియాకు చెందిన ఈ చర్మవైద్యుడు 1979లో ఫ్రోష్‌తో కలిసి ఆ పేరుతోనే వ్యాసం రాశాడు. అంతకు నాలుగేళ్ల ముందు, 1975లో, మంగు మచ్చలకు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడ్ మూడూ కలిపిన మందును ప్రకటించిందీ ఆయనే. దాని రూపాంతరాలే ఇవాళ మన షాపుల్లో ‘మంగు క్రీము’ పేరుతో అమ్ముడవుతున్నాయి. వైద్యుడి కనుసన్నల్లో కొన్ని వారాలు వాడాల్సిన దాన్ని మనవాళ్లు పౌడరు కింద పూతగా ఏళ్లకేళ్లు రాస్తున్నారు. జైలు ఖైదీల మీద ప్రయోగాలు చేసి చెడ్డపేరు తెచ్చుకున్నవాడు కూడా ఈ క్లిగ్‌మనే. చర్మశాస్త్రంలో ఎటు తిరిగినా ఆయన ఎదురవుతాడు.

మన దేశంలో ఇది ఎంత దూరం పోయిందో 2011లో అచ్చయిన ఒక అధ్యయనం లెక్క తీసింది. దేశవ్యాప్తంగా 12 చర్మవైద్య కేంద్రాలకు ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2926 మందిని పరిశీలిస్తే, 433 మంది ముఖానికి స్టెరాయిడ్ రాస్తున్నవాళ్లే. అందులో 126 మంది దాన్ని తెల్లబడే క్రీముగానో, మామూలు క్రీముగానో, గడ్డం గీసుకున్నాక పూతగానో వాడుతున్నారు. 257 మందికి దాన్ని వాడమన్నవాళ్లు డాక్టర్లే కారు. కోల్‌కతా వైద్యులు కౌశిక్ లాహిరి, అరిజిత్ కుందు ఈ స్థితికి ‘టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్’ అని పేరు పెట్టారు. చర్మవైద్యుల సంఘం పట్టుబట్టగా 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతలను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. ఆ నిబంధన కౌంటరు దగ్గర ఎంత బలంగా ఉందో కొనేవాళ్లకు తెలుసు.

ముఖం మండిన ప్రతిసారీ తప్పు క్రీముదే కాకపోవచ్చు. మౌలాలి రైలు పట్టాల పక్కన, ఖాళీ ప్లాట్లలో వానలు పడగానే నడుమెత్తు పెరిగే వయ్యారిభామను చూడండి. 1950లలో పుణె దగ్గర మొదట గుర్తించిన ఈ మెక్సికో జాతి మొక్క దేశమంతా పాకింది. దానిలోని పార్థెనిన్ అనే రసాయనం ఎండిన ఆకుపొడితో గాలిలో ఎగిరి ముఖానికి చేరుతుంది. కనురెప్పలు, మెడ మడతలు, మోచేతి ముడతలు దురదపెట్టి మందమవుతాయి. ఏడాదికేడాది వానాకాలంలోనే ఇది వస్తుంటే సబ్బు మార్చి లాభం లేదు.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. హైదరాబాదులో జుట్టు రాలడం నుంచి పెళ్లి కుదరకపోవడం దాకా అన్నింటికీ బోరు నీళ్లనే తిట్టే అలవాటుంది. గ్రానైటు రాతి పగుళ్ల నుంచి తోడిన నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, బకెట్‌కు తెల్లని చార పడేది అందుకే. కఠిన నీళ్లలో కడిగితే సబ్బు, షాంపూలలోని పదార్థాలు చర్మం మీద ఎక్కువగా మిగిలిపోతాయని ప్రయోగాల్లో తేలింది. కానీ ఇంగ్లండులో ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లల ఇళ్లలో నీటిని మెత్తబరిచే యంత్రాలు పెట్టించి చూస్తే, మామూలు చికిత్సను మించి లాభమేమీ కనబడలేదు. కాబట్టి యంత్రానికి వేలు పోసే బదులు సబ్బు తగ్గించి, చివర్లో ఒక చెంబెడు నల్లా నీళ్లతో ముఖం కడుక్కుంటే చాలనుకుంటాను.

మండుతున్న ముఖానికి చేయాల్సిన చికిత్సలో మూడొంతులు ఆపడమే. ఫేస్‌వాష్, సీరమ్, విటమిన్ సి, రెటినాల్, స్క్రబ్, షీట్ మాస్క్ అన్నీ ఒకేసారి ఆపాలి. వంటింటి సరుకు కూడా ఆ లెక్కలోదే. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర, వంటసోడా 8 పైన, రెండూ చెరో వైపు నుంచి పీడించేవే. సున్నిపిండి మీద నాకు గౌరవముంది, కానీ ఎర్రబడిన చెంప మీద నలుగు పెట్టడం పుండు మీద గరుకు కాగితం రుద్దడమే. గోరువెచ్చని నీళ్లు, రాత్రి పూట కావాలంటే ఒక్కసారి సిండెట్, తుడిచీ తుడవకముందే వాసన లేని మాయిశ్చరైజర్ పల్చగా, ఇంతే. అది కూడా మండితే పెట్రోలియం జెల్లీ. 1872లో ఛీజ్‌బ్రో పేటెంటు తీసుకున్న ఆ జిగట పదార్థం పై పొర సందుల్లోకి దిగి నీరు ఆవిరవడాన్ని దాదాపుగా ఆపేస్తుంది, కింద చర్మం తన కొవ్వులను తాను తయారు చేసుకుంటూనే ఉంటుంది. మొటిమలు ఎక్కువగా ఉన్నవాళ్లకు మాత్రం అంత జిడ్డు సరిపడదు.

నూనెల్లో అన్నీ ఒకటి కావు. ఆలివ్ నూనెలో దండిగా ఉండే ఓలియిక్ ఆమ్లం పై పొరను వదులు చేస్తుంది. ‘సహజం’ కదా అని పసిపిల్లలకు కూడా ఖరీదైన ఆలివ్ నూనె రుద్దుతున్నారు, ఆ డబ్బు దండగ. లినోలియిక్ ఆమ్లం ఉన్న పొద్దుతిరుగుడు నూనె దానికన్నా మేలు. ఎండకు జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ తక్కువగా మండుతుంది. చామనఛాయ ముఖం మీద బూడిద రాసుకున్నట్టు కనబడుతుంది, నిజమే. అప్పుడు గొడుగు.

స్టెరాయిడ్ నెలలుగా రాస్తున్నవాళ్లు మాత్రం సొంతంగా ఒక్కసారిగా ఆపవద్దు. మెల్లగా తగ్గించాలా, టాక్రోలిమస్ లాంటి మందుకు మారాలా అన్నది చర్మవైద్యులే తేల్చాలి. మంట తగ్గడానికి వారాలు కాదు, నెలలే పట్టవచ్చు. ముక్కు, రెండు చెంపల మీద సీతాకోకచిలుకలా ఎరుపు పరుచుకుని, ఎండలో ఎక్కువై, కీళ్ల నొప్పులో జ్వరమో తోడైతే అది లూపస్ కావచ్చు, క్రీములతో కాలయాపన చేయకూడదు.

మంట చల్లారాక వస్తువులను ఒక్కొక్కటిగా తిరిగి మొదలుపెట్టాలి. ఒక్కోదాన్ని మోచేతి లోపలి వైపు రోజుకు రెండుసార్లు, వారం పాటు ఒకేచోట రాసి చూడాలి. ఒక్కరోజు పరీక్ష ఎందుకు చాలదంటే, అలర్జీ ఒకటి నుంచి మూడు రోజులు ఆలస్యంగా బయటపడుతుంది. ఆదివారం జుట్టుకు రంగు వేసుకుంటే మంగళవారం కనురెప్పలు వాస్తాయి, నింద మంగళవారం పొద్దున రాసిన క్రీము మీద పడుతుంది.

అలా కూడా దొరకని దొంగను ప్యాచ్ టెస్ట్ పట్టిస్తుంది. 1895లో యాడసోన్ మొదలుపెట్టిన ఈ పరీక్షలో అనుమానమున్న పదార్థాలను చిన్న చిన్న గిన్నెల్లో పెట్టి వీపుకు అంటిస్తారు, 48 గంటలకు తీసి చూస్తారు, 96 గంటలకు మరోసారి చూస్తారు. మన దేశంలో వాడే పదార్థాలతో కూర్చిన భారతీయ పట్టిక వేరే ఉంది. మౌలాలి వాళ్లకు దగ్గర్లోని పెద్ద సర్కారు దవాఖానా గాంధీ, చర్మవ్యాధుల విభాగం అక్కడ ఉంది. అంటించిన రెండు రోజులూ వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు. మే నెల హైదరాబాదులో అది అయ్యే పని కాదు, చలికాలం చూసుకోవాలి. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న ట్యూబులు, సీసాలు, స్టిక్కర్ బొట్టు అట్ట, హెయిర్ డై పెట్టె, పేరు లేని డబ్బాలు అన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. బొట్టు జిగురులోని ఒక ఫినాల్ నుదుటి మీద తెల్లమచ్చ తెస్తుంది. మిథైల్ ఐసోథయాజోలినోన్ అనే నిల్వ పదార్థాన్ని చర్మం మీదే ఉంచేసే క్రీముల్లో వాడకూడదని ఐరోపా 2017లో నిషేధించింది. ఆ పేరు మీ ప్యాచ్ టెస్ట్ ఫలితంలో వస్తే ముఖం క్రీము అట్టతో పాటు షాంపూ అట్ట, గిన్నెలు తోమే ద్రవం అట్ట కూడా చదవాలి.