కడపటి స్థానమునుండి కప్పు వరకు

అర్ధసంవత్సర పరీక్షలలో తరగతికెల్ల కడపటివాడుగా నిలిచిన బాలుడు సంవత్సరాంతమున ప్రథముడైనచో, ఉపాధ్యాయుడు ముందుగా జవాబు పత్రములను మరల తిరుగవేసి చూచును. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరపు ఐస్ హాకీ జట్టు ‘బ్లూస్’ 2019వ సంవత్సరమున అట్టి పనియే చేసినది.

మనము మైదానమున ఆడు హాకీవంటిదే యీ ఆట. కాని యిందు నేల మంచుగడ్డ. బంతికి బదులు రబ్బరు బిళ్ళ. ఆటగాండ్ర పాదరక్షలకు ఉక్కు అంచులు. గోలుకీపరుతో కూడి పక్షమునకు ఆరుగురు. అతని కన్ను చెదరినచో తక్కిన యైదుగురి శ్రమయు బూడిదలో పోసిన పన్నీరే.

బ్లూస్ జట్టు 1967లో పుట్టినది. మొదటి మూడేండ్లును వరుసగా స్టాన్లీ కప్పు తుదిపోటీకి చేరినది. అందు ఆడిన 12 ఆటలును ఓడినది. 1970లో బోస్టన్ చేతిలో ఓడిన పిమ్మట తుదిపోటీ మొగము మరల చూచుటకే 49 ఏండ్లు పట్టెను.

2018 నవంబరు 19న శిక్షకుడు మైక్ యోను తొలగించి, క్రెయిగ్ బెరూబేను తాత్కాలికముగ నియమించిరి. అయినను 2019 జనవరి 3వ తేది ఉదయమునకు 31 జట్లలో బ్లూస్‌ది 31వ స్థానము. 37 ఆటలలో 34 పాయింట్లు. గెలుపునకు రెండు పాయింట్ల చొప్పున అది యెంత స్వల్పమో విద్యార్థులే లెక్క వేసికొనవచ్చును.

నాలుగు దినముల పిమ్మట ఫిలడెల్ఫియాలో జోర్డన్ బిన్నింగ్టన్ అను 25 ఏండ్ల యువకుని గోలు ముందు నిలిపిరి. 2011లోనే జట్టు ఎన్నుకొన్నను అతడు ఏండ్ల తరబడి చిన్న జట్లలోనే కాలము గడపెను. ముందటి ఏడాది అతనిని బోస్టన్ వారి అనుబంధ జట్టునకు అరువిచ్చిరి కూడ! ఆ రాత్రి అతడు ఒక్క గోలైనను పోనీయలేదు; ఆట 3–0తో బ్లూస్‌దైనది. దానికి ముందునాడు ఆ నగరపు పానశాలలో కొందరు ఆటగాండ్రు విన్న ‘గ్లోరియా’ అను 1982 నాటి పాట జట్టునకు విజయగీతమైనది. అంతయు పాట మహిమయే అనువారు కలరు. నాకు మాత్రము గోలుకీపరుపైననే గురి. జనవరి, ఫిబ్రవరులలో వరుసగా 11 గెలుపులు. 82 ఆటలు ముగియునప్పటికి 99 పాయింట్లు.

కప్పునకై జరుగు ఏడాటల పోరాటములలో మొదట విన్నిపెగ్‌ను దాటిరి. డల్లాస్‌తో ఏడవ ఆట రెండవ అదనపు సమయమునకు సాగగా, సెయింట్ లూయిస్ బిడ్డయైన పాట్రిక్ మరూన్ గోలు చేసి గట్టెక్కించెను. శాన్ హోసేతో మూడవ ఆటలో జరిగినది అన్యాయమే. ఎదిరి ఆటగాడు బిళ్ళను చేతితో తోటివానికి అందించుట రెఫరీలు గమనింపలేదు. ఆ గోలుతో ఆట పోయినది. జట్టు దానినే తలచుకొని కూర్చుండలేదు. తరువాతి మూడు ఆటలును గెలిచినది. ఈ కథయంతటిలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్టమిదియే.

తుదిపోటీలో ఎదురైనది మరల బోస్టనే. సొంతగడ్డపై కప్పు గెలువగల ఆరవ ఆటను 5–1తో చేజార్చుకొని, జూన్ 12న ఏడవ ఆటకు బోస్టన్ పోయిరి. మొదటి 20 నిమిషములలో బోస్టన్ వారు గోలుపైకి 12 మార్లు కొట్టిరి. పన్నెండింటిని బిన్నింగ్టన్ ఆపెను. బ్లూస్ వారు కొట్టినవి నాలుగే, అందు రెండు గోలైనవి! మొదటిది ర్యాన్ ఓరైలీది. రెండవది, విరామమునకు ఎనిమిది సెకండ్లు ఉండగా, కెప్టెన్ అలెక్స్ పీట్రాంజెలోది. తుదకు 4–1.

కప్పు అందుకొన్న పీట్రాంజెలో దానిని మొట్టమొదట జే బౌమీస్టర్ చేతులలో పెట్టెను. వేయికి పైగా ఆటలాడిన ఆ పాతకాపు అంతవరకు దానిని ఒక్కసారియు పైకెత్తి యెరుగడు.