మిన్‌స్టెడ్ పల్లెలో రెండు రోజులు

అక్టోబరు నెల. వరసగా నాలుగు రాత్రులు డ్యూటీ చేసి పొద్దున్నే ఇల్లు చేరేసరికి ఇండియా నుంచి అమ్మ ఫోన్. "అన్నం తిన్నావా నాయనా?" అంది. "రోజూ అదే ప్రశ్నా?" అని విసుక్కున్నాను. అమ్మ మరేమీ అనకుండా ఫోన్ పెట్టేసింది. మా ఆవిడా ఏమీ అనలేదు. సాయంత్రానికల్లా మిన్‌స్టెడ్ అనే పల్లెలో రెండు రోజులకు గది మాట్లాడేసింది.

ఈ పల్లె సౌతాంప్టన్‌కు పడమరగా, న్యూ ఫారెస్ట్ అడవిలో ఉంది. పేరుకే కొత్త అడవి! విలియం ది కాంకరర్ 1079లో తన వేట కోసం ఏర్పరచుకున్నది. 2005లో నేషనల్ పార్క్ అయింది.

ఊరి దారిలో ఒక గుర్రం రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది. హారన్ మీదకు పోయిన నా చేతిని మా ఆవిడ పట్టుకుంది. ఇంజను ఆపి కూర్చున్నాం. కాసేపటికి అదే తీరిగ్గా కదిలింది. ఈ గుర్రాలు అడవివి కావు. చుట్టుపక్కల రైతులవి. అడవిలో మేపుకునే హక్కు వాళ్ళకు తరతరాలుగా ఉంది.

ఓక్ చెట్ల కింద పందులు కనిపించాయి. పచ్చి ఓక్ కాయలు ఎక్కువగా తింటే గుర్రాలకూ, పశువులకూ విషం. పందులు మాత్రం హాయిగా అరిగించుకుంటాయి. అందుకని ఏటా ఈ రోజుల్లో వాటిని అడవిలోకి వదులుతారు. ఎవరూ పరుగులు పెట్టకుండానే పని జరిగిపోతూంది!

చర్చి ఆవరణలో షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కానన్ డాయిల్ సమాధి ఉంది. ఆయనా డాక్టరే. 1882లో సౌత్‌సీలో ప్రాక్టీసు పెట్టి, రోగులు రాని వేళల్లో కథలు రాసుకున్నాడు. నాకో, ఖాళీ దొరికితే ఏం చేయాలో తోచదు.

మర్నాడు ఒక బీచ్ చెట్టు మొదట్లో కూర్చున్నాను. మొదటి గంటలో మూడుసార్లు నా చెయ్యి బ్లీప్ కోసం నడుము దగ్గరకు పోయింది. తర్వాత ఆ సంగతే మరిచిపోయాను. ఆకులు రాలే చప్పుడు వినిపించింది. గదికి తిరిగి రాగానే అమ్మకు ఫోన్ చేసి, "తిన్నానమ్మా, నువ్వు తిన్నావా?" అని అడిగాను. అరగంట మాట్లాడుకున్నాం.

ఇదంతా నా ఒక్కడి భ్రమ కాదు. పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ళలో, కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్ళు, ఇటుక గోడ కనిపించినవాళ్ళకన్నా త్వరగా ఇంటికి వెళ్ళారని రోజర్ ఉల్రిచ్ 1984లో ప్రకటించాడు. ఇంగ్లండులో సుమారు ఇరవైవేలమందిని అడిగి 2019లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, వారానికి 120 నిమిషాలైనా పచ్చని చోట గడిపేవారిలో తమ ఆరోగ్యం బాగుందని చెప్పినవారు ఎక్కువ. చెట్లే కారణమని దీంతో రుజువైపోదు. అయినా ఈ మందుకు ఖర్చేమిటి?

మిత్రులారా, ఒక ఆదివారం పులిహోర కట్టుకుని పిల్లలతో వెళ్ళి రండి. గుర్రాలకు మాత్రం పెట్టకండి, నిషేధం. గడ్డిలో పిడుదులుంటాయి. పొడుగు మేజోళ్ళు వేసుకోండి, ఇంటికొచ్చాక పిల్లల ఒళ్ళు చూడండి. కుట్టిన చోట నుంచి ఎర్రని వలయం పాకితే డాక్టరుకు చూపించండి. బ్లీప్ ఉన్నవాళ్ళు ఇంట్లో పెట్టి రండి.